ఊపిరి ఒకరిది, పేరు ఒకరిది

మా ఇంట్లో మెషీన్ నేనే. రోడ్డు మీద పోలీసులు గొట్టం నోటికి పెట్టి ఊదమంటారే, ఆ పని మా గడప దగ్గర రెండేళ్లుగా నేను చేస్తున్నాను. మా ఆయన సుంకన్న డ్యూటీ దిగి వస్తే నేరుగా లోపలికి రావడానికి లేదు. గడప బయట నిలబడాలి, నేను ముఖం దగ్గరికి పోయి "ఊదు" అనాలి, ఆయన ఊదాలి. వాసన లేకపోతే లోపల అన్నం, ఉంటే బయట గొర్రెల దొడ్డి. ఈ రెండేళ్లలో ఆయన ఒక్కసారి కూడా దొడ్డిలో పడుకోలేదు. ఇరుగుపొరుగు నన్ను చూసి నవ్వేవాళ్లు. నవ్వితే నవ్వనీ, తాగుబోతుతో కాపురం చేసినదానికే ఆ ఊపిరి విలువ తెలుస్తుంది అనుకునేదాన్ని.

మాది బత్తలపల్లి పక్క ఊరు. సుంకన్న మా పెళ్లికి ముందు నుంచీ నరేంద్రన్న దగ్గర డ్రైవరు. నరేంద్రన్నకు భూములున్నాయి, చీనీ తోటలు, అదే బత్తాయి తోటలున్నాయి, నాలుగూళ్లలో మాటకు చెల్లుబడి ఉంది. మాకేమో వాన వస్తే శనక్కాయ, రాకపోతే రాళ్లు. కాబట్టి మా ఇంట్లో పంట అంటే సుంకన్న జేబులో ఉండే లైసెన్సు కార్డే. వాన పడినా పడకపోయినా అది పండేది.

ఆ పంటను ఆయన ఒకసారి పోగొట్టుకున్నంత పని చేశాడు. తాగుడు మానకముందు మాట. ధర్మవరం నుంచి నరేంద్రన్న బొలెరోను తాగి తోలుకొస్తూ దొరికిపోయాడు. కోర్టు జరిమానా వేసింది, రవాణా ఆఫీసు వాళ్లు ఆరు నెలలు లైసెన్సు ఆపేశారు. ఆ రోజు ఆఫీసుకు మాతో నరేంద్రన్న కూడా వచ్చాడు. అక్కడి అధికారి మాకు విడమరచి చెప్పాడు. మొదటిసారి కాబట్టి ఆరు నెలలతో పోయింది, రెండోసారి దొరికితే జైలు కూడా పడవచ్చు, లైసెన్సు మాత్రం రద్దవుతుంది అని. బయటికి వచ్చాక నరేంద్రన్నే సుంకన్న వీపు తట్టి అన్నాడు.

"ఇన్నావా సుంకా? రెండోసారంటే లైసెన్సూ లేదు, నౌకరీ లేదు. ఒళ్లు దగ్గర పెట్టుకో."

నేను ఆయనకు చేతులెత్తి దండం పెట్టాను. ఆ మాట నేను మరిచిపోలేదు. నరేంద్రన్నా మరిచిపోలేదని తరువాత తెలిసింది.

ఆ ఆరు నెలలు మేమెట్లా బతికామో చెప్పను. ఆ ఏడే సుంకన్నను పట్టుకొని కణేకల్ దాటి పాండురంగస్వామి గుడికి పోయాను. తాగుడు మానాలనుకునేవాళ్లు ఏకాదశి నాడు అక్కడ మాల వేసుకుంటారు. కర్ణాటక నుంచి కూడా జనం వస్తారు. మాల వేసుకున్నవాడు మళ్లీ మళ్లీ ఏకాదశులకు గుడికి పోవాలి, చుక్క ముట్టకూడదు. మందులకూ మంత్రాలకూ మానని నా మొగుడు ఆ తులసి పూసల దండకు మానాడు. అప్పటి నుంచి మాట గట్టిగా ఉండాలని ప్రతి ఏడూ తొలి ఏకాదశికి మళ్లీ వేసుకునేవాడు. ఆయన్ను చూసి మా వీధిలో గొర్రెలు కాసే తిప్పేస్వామి కూడా వేసుకున్నాడు. వాళ్లావిడ పుష్పావతి మా ఇంటికి టెంకాయ తెచ్చి మరీ ఇచ్చింది.

ఈ ఏడు మాల మెడలో ఉండగానే జరిగింది.

ఒక సాయంత్రం సుంకన్న మామూలుగా వచ్చి గడప బయట నిలబడ్డాడు. "ఊదు" అన్నాను. ఊదాడు. వాసన లేదు. తులసి నమిలిన వాసన తప్ప ఏమీ లేదు. అయితే ఊపిరి వణికింది. ఏమైందంటే తల నొప్పి అన్నాడు. అన్నం కలిపి వదిలేశాడు. సరే, ఎండలో తిరిగినాడు కదా అనుకున్నాను. కొన్ని రోజులకు కారు సర్వీసింగ్ అని చెప్పి తెల్ల చొక్కా వేసుకొని పోయాడు. సర్వీసింగ్‌కు తెల్ల చొక్కా ఏమిటో నాకప్పుడు తట్టలేదు. నమ్మి చెడినవారు లేరంటారు. ఆ మాట అన్నవాడు మా ఇంటికి ఎప్పుడూ రాలేదు.

మరునాడు పొద్దున పుష్పావతి మా వాకిట్లోకి వచ్చి అరిచింది.

"ఏం మారెక్కా! మీ ఆయప్ప మాలేసుకోనే తాగి బండి తోలినాడంట కదా! కోర్టులో నిలబడి తాగినానని ఒప్పుకున్నాడంట. జడ్జి సారు మాల చూసి, దేవుని పేరు పెట్టుకోని తాగేదానికి సిగ్గు లేదా అని తిట్టి జరిమానా ఏసినాడంట. సుంకన్నే తాగంగా లేంది నేనెంత అని మా ఆయప్ప నిన్న మాల తీసి గూట్లో పెట్టినాడు. ఇంటికి వచ్చే యాలకు నిలబడేదానికి కాలేదు. మా కొంప కూల్చినారు కదే!"

నాకు సిగ్గు వేయలేదు. ఏ రోజు పట్టుబడ్డాడని అడిగితే పుష్పావతి చెప్పిన తేదీ నాకు గుర్తుంది. ఆ సాయంత్రం ఆ నోటిని వాసన చూసిన మనిషిని నేను. లోకమంతా తాగినాడంటోంది, ఆయనే తాగినానంటున్నాడు, తాగలేదని తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. తాగినవాళ్లు తాగలేదని బొంకడం చూశాను గాని, తాగనివాడు తాగినానని బొంకడం అదే మొదటిసారి చూడటం.

సుంకన్న ఇంటికి వచ్చాక ఊదమనలేదు. మెడలో మాల పట్టుకున్నాను.

"దీన్ని ముట్టుకోని చెప్పు. తాగినావా?"

"ఇడ్సిపెట్టే."

"చెప్పకపోతే తెంపుతా. తాగినావా, లేదా?"

ఆయన గడప మీదే కూలబడి చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. అప్పుడు బయటపడింది. ధర్మవరంలో ఎవరో విందు ఇస్తే నరేంద్రన్న మధ్యాహ్నమే బాగా తాగాడంట. తాళం ఇయ్యన్నా నేను తోలుతా అని సుంకన్న అడిగితే, కొత్త కారు, నేనే తోలుతా కూర్చో అన్నాడంట. దారిలో పోలీసులు ఆపారు. నరేంద్రన్న ఊదాడు. మెషీన్లో నంబరు వచ్చేసింది. పేరు ఇంకా కొట్టలేదు.

"ఆ పోలీసాయప్ప అన్నకు తెలిసినోడే. నంబరు పడింది, అది చెరిగేది కాదు, పేరు మాత్రం ఎవరిదో ఒకరిది కొట్టల్ల అన్నాడు. అన్న నా పక్క చూసినాడు. అంతే."

"అంతే అంటే? నువ్వు కార్డు తీసిచ్చినావా?"

"ఎలక్షన్లో నిలబడే ముందర అన్న పేరు పేపర్లో పడితే ఏం గావాల? అంతా నేను చూసుకుంటా, ఇంట్లో కూడా చెప్పొద్దు అన్నాడు. నేనూ అనుకున్నా మే. మాలలో ఉండేటోడు తాగినాడంటే ఎవరు నమ్ముతారు? జడ్జి సారు మెడ చూస్తానే కేసు కొట్టేస్తాడు అనుకున్నా."

మా ఆయన తెలివి అక్కడే తెల్లారింది. మాల తనను కాపాడుతుందని నమ్మాడు. ఆ మాల వేసుకొనే కోర్టులో తాగినానని చెప్పాడు. దేవుడు మాత్రం ఏం చేస్తాడు, మధ్యలో దూరి కాదు కాదు అంటాడా?

"నీకిది రెండోసారి అని తెల్దా?" అన్నాను.

"అన్న చూసుకుంటా అన్నాడు కదా" అన్నాడు.

నాకు కోపం ఆగలేదు. చెప్పులు కూడా వేసుకోకుండా నరేంద్రన్న ఇంటికి పోయాను. ఆయన వరండాలో కూర్చొని ఫోన్ చూస్తున్నాడు. నన్ను చూడగానే కుర్చీ చూపించాడు. ఎప్పుడూ చూపించనివాడు కుర్చీ చూపిస్తే అప్పుడే అనుమానపడాలి. నేను కూర్చోలేదు.

"అన్నా, ఊపిరి నీది, పేరు మా ఆయప్పది. ఇది న్యాయమేనా?"

"గట్టిగా అనొద్దు మారెక్కా. చుట్టూ మనుషులుండారు." గొంతు తగ్గించాడు. "నా కష్టం నీకు తెల్దు. బెంగళూరులో ఒకసారి నా మీద కేసైంది. ఇది నాకు రెండోది. రెండోదంటే లైసెన్సు పోతాది, పేపర్లో పడతాది, నామినేషన్ టైములో ఎగస్పార్టీ వాళ్లు పండగ చేసుకుంటారు."

"రెండోదంటే ఏమైతాదో నీకు బాగా తెలుసు అన్నమాట."

"తెలుసు కాబట్టే కదా చెప్తాండా."

"మా ఆయప్పకూ రెండోదే కదన్నా. ఆ పొద్దు ఆఫీసు బయట నువ్వే కదా వీపు తట్టి చెప్పింది."

ఆయన ఫోన్ బోర్లా పెట్టాడు. తరువాత చాలా మామూలుగా, పాల లెక్క చెప్పినట్టు చెప్పాడు.

"అదే కదా మారెక్కా. సుంకన్నకు ముందే ఆ పేరుండాది. తాగినాడంటే ఎవురూ ఏమీ అనుమానపడరు. కొత్తోని పేరు పెడితే నిలబడేది కాదు."

అప్పుడు అర్థమైంది నాకు. ఆయన మరిచిపోయి చేయలేదు. ఆ కారు దగ్గర నిలబడి, తాగిన మత్తులో కూడా, సుంకన్న పాత కేసు గుర్తు తెచ్చుకొని మరీ మా ఆయన పక్క చూశాడు. మేము ఏ తప్పుకు ఏడ్చి, ఏ తప్పును కడుక్కోవడానికి దేవుని దగ్గరికి పోయామో, అదే ఆయనకు పనికొచ్చింది. పదిహేనేళ్లు ఆ ఇంటి ఉప్పు తిన్నామని మేము తలవంచుకొని తిరిగాం. తిన్నది ఎవరో అప్పుడు తెలిసింది.

"భయపడొద్దు" అన్నాడు. "రవాణా ఆఫీసులో నేను మాట్లాడతా. లైసెన్సు యాడికీ పోదు. సుంకన్న నా తమ్ముని లెక్క."

రవాణా ఆఫీసు నుంచి నోటీసు వచ్చింది. రెండోసారి తాగి నడిపినట్టు కోర్టులో రుజువైంది, లైసెన్సు ఎందుకు రద్దు చేయకూడదో వచ్చి చెప్పుకో అని. చెప్పుకోవడానికి ఒక రోజు ఇచ్చారు. అదొక్కటే మాకు మిగిలిన దారి. ముందు రోజంతా సుంకన్నకు నూరిపోశాను. జరిగింది జరిగినట్టు చెప్పు, వాళ్లు వింటే వింటారు, లేకపోతే లేదు, కనీసం నిజం బయట పడుతుంది అన్నాను. చెప్తా అన్నాడు. మాల మీద ఒట్టు వేసి చెప్తా అన్నాడు.

అనంతపురం బస్సు దిగగానే ఆయన ఫోన్ మోగింది. పక్కకు పోయి మాట్లాడాడు. తిరిగి వచ్చేసరికి ముఖం మారిపోయింది.

"అన్న ఆఫీసరుతో మాట్లాడినాడంట. గమ్మున నిలబడితే సాలంట. ఇప్పుడు మాట మార్చినానంటే కోర్టులో అబద్ధం చెప్పినావని లోపలేస్తారంట."

"మాట్లాడింది నిజమని నువ్వు చూసినావా?"

"నువ్వు గమ్మునుండు మే."

లోపల అధికారి మంచివాడే. కాగితాలు చూసి, తల ఎత్తి, చెప్పుకునేది ఏమైనా ఉందా అని రెండు మూడు సార్లు అడిగాడు. సుంకన్న నేల చూశాడు. నాకు ఆగలేదు.

"సార్, ఆ పొద్దు ఈయప్ప తాగలేదు సార్. నేను ఇంటికాడ వాసన చూసినా. నేను రోజూ చూస్తా సార్."

ఆయన నవ్వలేదు, జాలిగానే అన్నాడు. "అమ్మా, మెషీన్‌కు చీటీ వస్తుంది. నీ ముక్కుకు చీటీ రాదు కదా. ఆయన్ను చెప్పమను. ఏమప్పా, తాగినావా?"

నేను మా ఆయన మోచేయి పట్టుకున్నాను. ఒక్క మాట. లేదు సార్ అంటే చాలు.

"తాగినా సార్" అన్నాడు.

లైసెన్సు రద్దు చేశారు. కార్డు అక్కడే పెట్టుకున్నారు. ఎవరూ ఎవరితోనూ మాట్లాడలేదని, ఏ నరేంద్రన్న ఫోనూ ఆ గదికి రాలేదని ఆ అధికారి ముఖం చూస్తేనే తెలిసిపోయింది. బస్సులో సుంకన్న అలవాటు కొద్దీ జేబు తడుముకుంటూనే ఉన్నాడు.

వారం తిరక్కముందే నరేంద్రన్న కారుకు చిలమత్తూరు నుంచి కొత్త డ్రైవరు వచ్చాడు. సుంకన్న పోయి అడిగితే, లైసెన్సు లేనోని చేతికి బండి ఎట్ల ఇచ్చేది సుంకా, రేపు ఏమైనా అయితే నా మెడకు చుట్టుకుంటాది కదా అన్నాడంట. చీనీ తోటలో కాపలా పని చూస్తా, ఎలక్షన్ అయిపోనీ అన్నాడంట. ఏరు దాటి తెప్ప తగలేసినట్టు అంటారు. తెప్పకైతే నొప్పి ఉండదు. సుంకన్న మాత్రం ఆ తోట కాపలా కోసం రోజూ ఆ ఇంటి గేటు దగ్గర నిలబడి వచ్చేవాడు.

తరువాత ఊళ్లో ప్రచారం మొదలైంది. ఒక పొద్దున తప్పెట్లతో నరేంద్రన్న మా వీధికి వచ్చాడు. వెనక జనం, ఆ జనంలో నా మొగుడు కూడా, మెడలో మాల బదులు కండువా. కొత్త డ్రైవరు కారును వీధి మొదట్లో ఆపి నిలబడ్డాడు. తిప్పేస్వామి పొద్దున్నే తాగి అరుగు మీద తూలుతున్నాడు. అతన్ని చూసి పెద్దమనిషి ఒకాయన, ఈ మాలేసుకునేటోళ్ల మాట నమ్మే రోజులు పోయినాయి అన్నాడు. నరేంద్రన్న నిట్టూర్చాడు.

"నేను మాత్రం ఏం చేసేది చెప్పన్నా? సుంకన్నకు చెప్పి చెప్పి అలిసిపోయినా. సొంత తమ్మునిలా చూసుకుంటి. మాలేసుకోని తాగినాడు. కడాకు లైసెన్సు పోగొట్టుకున్నాడు. మనిషి మారల్లంటే లోపల నుంచి రావల్ల."

అందరూ తలూపారు. ఆయన మా గడప దగ్గరికి వచ్చి నాకు నమస్కారం పెట్టాడు. ఆ గడప బయట, సరిగ్గా సుంకన్న రోజూ నిలబడే చోట నిలబడ్డాడు.

నేను ముఖం దగ్గరికి పోయాను.

"ఊదన్నా."

తప్పెట ఆగింది. నరేంద్రన్న నవ్వబోయాడు, నోరు తెరవాల్సి వస్తుందని ఆపుకున్నాడు. దొంగకు తేలు కుట్టినట్టు పెదాలు బిగించి నిలబడ్డాడు.

"ఊదమంటే ఏంటికి మూసుకున్నావ్? ఆ పొద్దు ఊదినావు కదా. ఊపిరి నీది, పేరు ఈయప్పది. ఈడ మెషీన్ నేనే, నా కాడ పేర్లు మార్చేదానికి కాదు." జనం వైపు తిరిగాను. "యోవ్ సుంకన్నా, నువ్వు చెప్పు. దండం పెడ్తా. ఆ పొద్దు ఊదింది ఎవురు?"

అందరూ ఆయన వైపు చూశారు. ఇప్పుడు కోర్టు లేదు, ఆఫీసు లేదు, జైలు భయం లేదు. పోవడానికి లైసెన్సు కూడా లేదు. మా వీధి, మా వాకిలి, రెండేళ్లు ఆయన ఊపిరి చూసిన నేను. అరుగు మీద తిప్పేస్వామి కూడా తల పైకెత్తాడు. అతని ముఖంలో ఏదో ఆశ కనబడింది.

సుంకన్న ముందు నరేంద్రన్నను చూశాడు, తరువాత నన్ను చూశాడు.

"నేనే" అన్నాడు. "తాగింది నేనే. ఆయమ్మకు మతి చెడింది, మనసులో పెట్టుకోవద్దన్నా."

తప్పెట మళ్లీ మొదలైంది. వాళ్లు పక్కింటికి పోయారు. తిప్పేస్వామి తల మళ్లీ వాలిపోయింది. నేను గడప పట్టుకొని నిలబడ్డాను. నరేంద్రన్న మోసం చేస్తే కడుపు మండింది. పరాయివాడు, అతని బుద్ధి అంత అనుకున్నాను. ఇప్పుడు మాత్రం లోపల ఏదో తెగిపోయింది. ఆ నోటి కోసం నేను ఊరి ముందు నిలబడితే, ఆ నోరే నన్ను పిచ్చిదాన్ని చేసింది.

మధ్యాహ్నం సుంకన్న ఇంటికి వచ్చాడు. కండువా తీసి చంకలో పెట్టుకొని, అలవాటు ప్రకారం గడప బయట నిలబడ్డాడు. నేనేమీ అనకముందే ముందుకు వంగి ఊదాడు.

వాసన లేదు. రెండేళ్లుగా ఉన్నట్టే శుభ్రంగా ఉంది.

"చూసినావా, తాగలేదు" అన్నాడు మెల్లగా. "తోట కాపలా ఖాయం చేసినాడే అన్న."

"తాగొచ్చినా బాగుండేది" అన్నాను. "తాగుడుకైతే మాల ఉండాది. దీనికి ఏ గుళ్లో మాలేస్తారో చెప్పు, ఇప్పుడే పోదాం."

నేను పక్కకు జరగలేదు. ఆయనే వెనక్కి తిరిగి గొర్రెల దొడ్డిలోకి పోయాడు.